కారణం రాయవలసిన చోటు

పాత కోచ్‌ను సాగనంపి పదకొండు రోజులైంది. మంగళవారం ఉదయం కొత్త కోచ్ పిలిపిస్తే సహాయక కోచ్ వెండెల్ స్ట్రౌడ్ ఆ గదిలోకి మళ్లీ అడుగుపెట్టాడు. హాల్ బెండిక్స్ పదిహేనేళ్లు కూర్చున్న తోలు కుర్చీ అక్కడ లేదు. గోడ నిండా వేలాడిన జట్ల ఫొటోలు కూడా లేవు. వాటి చోట గోడ మీద లేతరంగు చతురస్రాలు మాత్రం మిగిలాయి. తెల్లబోర్డు ఒక్కటే ఉన్నచోటనే ఉంది. దాని మీద అయస్కాంతపు బిళ్లలు, బిళ్లకొక పేరు. టిల్మన్ స్టేట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకు స్కాలర్‌షిప్పులు పదమూడు. బోర్డు మీద బిళ్లలు పద్నాలుగు ఉన్నాయి.

కొత్త కోచ్ ట్రెంట్ మడాక్స్ వయసులో వెండెల్ కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. తన పాత కాలేజీ నుంచి ఇద్దరు ఆటగాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల బిళ్లలు ఎర్రరంగువి. ఆయన మాట్లాడుతూనే ఒక నీలం బిళ్లను వేలితో పక్కకు జరిపి, బోర్డు అంచున నిలిపాడు. దాని మీద ఎమొరీ యాన్సీ అని ఉంది.

"చూశావుగా వెండెల్. ఒకడు ఎక్కువయ్యాడు."

"ఎమొరీ నవంబర్లోనే సంతకం పెట్టాడు కోచ్. నాలుగేళ్ల స్కాలర్‌షిప్. మనంతట మనం తియ్యడానికి లేదు."

"తీస్తామని ఎవరన్నారు? నేనున్న చోట ఎవరి స్కాలర్‌షిప్పూ ఎవరూ లాక్కోరు. కుర్రాడే అడుగుతాడు. నన్ను నమ్మి పిలిచిన కోచ్ వెళ్లిపోయాడు, నాకిక్కడ మనసు లేదు, వదిలెయ్యండి అంటాడు. మనం పోనీలే పాపం అని వదిలేస్తాం. దానికొక ఫారం ఉంది."

"వాడు అడగడండీ."

"అడగడని నాకూ తెలుసు. అందుకే నువ్వు వెళ్తున్నావ్." మడాక్స్ నవ్వాడు. ఆ నవ్వులో కపటం లేదు, అదే వెండెల్‌ను మరింత ఇబ్బంది పెట్టింది. "ఈ రాష్ట్రంలో ఏ ఆటగాడి తల్లిని కదిపినా నీ పేరే చెప్తోంది. హాల్లో కూర్చోవట, తిన్నగా వంటింట్లోకెళ్లి గిన్నెలు తుడుస్తావట! బెండిక్స్ మనుషులందర్నీ పంపించి నిన్నొక్కణ్ణే ఎందుకు ఉంచుకున్నాననుకున్నావ్? ఆ తువ్వాలు కోసమే. శుక్రవారం కల్లా సంతకం కావాలి."

తన గదికి తిరిగివచ్చిన తరువాత కూడా వెండెల్‌ను ఆ తువ్వాలు అన్న మాట వదలలేదు. ఇరవై రెండేళ్ల కిందట, మొదటిసారిగా ఒక ఆటగాడి ఇంటికి వెళ్లినప్పుడు, ఏం మాట్లాడాలో తోచక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆ ఇంటి ఇల్లాలు కడుగుతున్న పళ్లాలను అందుకుని తుడిచాడు. ఆ కుర్రవాడు వెండెల్ పనిచేసే కాలేజీకే వచ్చాడు. రెండవ ఇంట్లో కూడా తుడిచాడు. మూడవ ఇంటికి వెళ్లేటప్పుడు కారులోనే చొక్కా చేతులు మడుచుకున్నాడు. బెరుకు ఎప్పుడు పోయిందో, దాని స్థానంలో పనితనం ఎప్పుడు వచ్చి కూర్చుందో అతనికే తెలియదు. ఇన్నాళ్లూ తెలుసుకోవలసిన అవసరం కలగలేదు. యాభై ఆరేళ్ల సహాయక కోచ్‌ను ఇంకొక కాలేజీ పిలవదన్న సంగతి మాత్రం బాగా తెలుసు.

అతడు ఎమొరీ తల్లి వెర్నెల్ యాన్సీకి ఫోన్ చేసి గురువారం సాయంత్రం వస్తానన్నాడు.

"రండి కోచ్, అడగాలా? కొత్తాయన కూడా వస్తున్నారా?"

"లేదండీ. నేనొక్కణ్ణే."

"మంచిదే. మీరైతే ఇంటి మనిషి. ఏమైనా తినేసి వచ్చారో, గుమ్మంలోంచే పంపించేస్తాను."

*

కార్వర్‌టన్‌లో గేర్ల ఫ్యాక్టరీ మూతబడి చాలా కాలమైనా, ఊరివాళ్లు ఇప్పటికీ దారి చెప్పేటప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కుడివైపుకు తిరగమంటారు. వెండెల్‌కు దారి అడగవలసిన పని లేదు. మూడేళ్లలో పదకొండుసార్లు వచ్చాడు. వంతెన దాటాక రోడ్డు మీది గుంత ఎక్కడ ఉంటుందో అతని చేతులకే తెలుసు.

వెర్నెల్ ఆసుపత్రి లాండ్రీలో పని దిగి గంట కూడా కాలేదు. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రబారి ఉన్నాయి. అయినా పొయ్యి మీద గ్రేవీలో కోడి ఉడుకుతోంది. పక్కన ఆకుకూర, ఇనుప మూకుడులో మొక్కజొన్న రొట్టె, ఓవెన్‌లో పీచ్ పళ్లతో చేసే తీపి వంటకం, కాబ్లర్. బల్ల మీద పరిచిన గుడ్డ టిల్మన్ వాళ్ల నీలిరంగుదే. దాని మీద మడతల గీతలు ఇంకా పోలేదు, కొత్తది. నవంబర్లో సంతకం చేసిన కాగితపు నకలు ప్లాస్టిక్ కవరులో ఫ్రిజ్ తలుపు మీద ఉంది. వెండెల్ దాని వైపు వీపు పెట్టి కూర్చునేందుకు కుర్చీ మార్చుకున్నాడు.

"అక్కడ గాలి రాదు కోచ్, ఇటు కూర్చోండి."

"ఇక్కడ బాగానే ఉందండీ."

ఎమొరీ ప్రాక్టీసు నుంచి వచ్చి, గుమ్మంలోనే బూట్లు విప్పి, వాటిని గోడకు సమానంగా జరిపి, చేయి అందించాడు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి ఆ వంటింట్లో ఎప్పుడూ కొంచెం వంగే నడుస్తాడు. మాట తక్కువ. తల్లి ఇద్దరి మాటలూ తానే మాట్లాడుతుంది.

"కొత్తాయన మా వాడి ఆట చూశారా?"

"చూశారండీ." మడాక్స్ చూసింది ఒక వీడియోలో నలభై సెకన్లు.

"ఏమన్నారు?"

"చేతులు మంచివన్నారు."

"మా నాన్నవి వచ్చాయిలెండి ఆ చేతులు. ఫ్యాక్టరీలో ఆయన ఎత్తే ఇనుము ఇద్దరు ఎత్తేవాళ్లు కాదు. ఇంకొంచెం వేసుకోండి. ఏమిటలా కోడిపిల్లలా కెలుకుతున్నారు? ఎమొరీ, అటు జరుపు ఆ గిన్నె."

వెండెల్ వేసుకున్నాడు. రెండవసారి కూడా ఆమె వడ్డిస్తే అడ్డు చెప్పలేదు. మూడవసారి కూడా తిన్నాడు. నోట్లో ముద్ద ఉన్నంతసేపూ మాట్లాడనక్కర్లేదు. తన సిగ్గును ఇలా ఆమె చేతి వంటతోనే కప్పుకుంటున్నానని తెలుస్తున్నా, అతడు పళ్లెం మీది నుంచి కళ్లెత్తలేదు.

తినడం అయ్యాక ఆమె సింక్ దగ్గరకు వెళ్లింది. అతడు లేచి, చొక్కా చేతులు మడుచుకుని, తువ్వాలు అందుకున్నాడు. తుడవడంలో అతనిది ఒక పద్ధతి. పళ్లెం వెనుకవైపు ముందు తుడిచి, తరువాత లోపలివైపు, చివరికి అంచు చుట్టూ ఒకే తిప్పు తిప్పేవాడు. రెండవ పళ్లెం తుడుస్తూ మొదలుపెట్టాడు.

కోచ్ మారితే జట్టు ఆడే తీరు మారుతుందన్నాడు. కొత్తాయన తన ఆటగాళ్లను తనే తెచ్చుకున్నాడన్నాడు. వాళ్లిద్దరూ ఎమొరీ ఆడే చోటనే ఆడతారన్నాడు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు రెండేళ్లు బెంచీ మీద కూర్చుంటే ఆట పాడైపోతుందన్నాడు. తనను కావాలనుకునే చోటికి వెళ్లడమే ఏ ఆటగాడికైనా మేలన్నాడు. ఒక్కొక్క వాక్యాన్నీ విడదీసి చూస్తే ఏదీ అబద్ధం కాదు. అన్నింటినీ కలిపి చూస్తే అందులో నిజమన్నది లేదు.

వెర్నెల్ కుళాయి కట్టేసింది.

"కావాలనుకునే చోటికి అంటే, ఎక్కడికి కోచ్?"

"నేను అందరికీ ఫోన్లు చేస్తానండీ. తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు."

"ఏప్రిల్ వచ్చేసింది కదా." ఆమె గొంతులో నిష్ఠురం లేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. "నవంబర్లో ఈ బల్ల దగ్గరే అన్నారు మీరు. ఇప్పుడు సంతకం పెట్టకపోతే వసంతానికి ఎక్కడా ఖాళీలుండవమ్మా అని. నేను ఇంకా రెండు కాలేజీల వాళ్లకి వద్దని చెప్పాను. మీరన్నారనే."

"అన్నానండీ."

"పోనీ, బెండిక్స్ గారు వెళ్లిన చోటికి..."

"ఆయన ఎక్కడికీ వెళ్లలేదండీ. ఇంట్లో ఉన్నారు."

ఆమె తడిచేతులు రెండూ ముందుకు చాపి అలాగే నిలబడింది. తువ్వాలు అతని దగ్గర ఉండిపోయింది. ఇవ్వాలని అతనికి తోచలేదు. ఆమె చివరికి తన బట్టలకే తుడుచుకుంది.

"మా వాడికి ఇదే మంచిదని మీరంటున్నారా? ఆ కొత్తాయన సంగతి కాదు. మీరు."

అతడు చేతిలోని పళ్లెం అంచును ఇంకొకసారి తిప్పాడు. అప్పటికే అది పొడిగా ఉంది.

"అంటున్నానండీ."

అంతే. అతడు కోటు జేబులోంచి మడత పెట్టిన ఫారం తీశాడు. ఆమె ఆ మడతను చూసి, అలవాటు కొద్దీ అరచేత్తో రెండుసార్లు సాపు చేసి, కొడుకు ముందుంచింది.

ఎమొరీ ప్రతి వరుసా చదివాడు. చదివినంతసేపూ చూపుడువేలు వరుస కింద నడుస్తూనే ఉంది.

"సార్, ఇక్కడ 'నా స్వంత కోరిక మేరకు' అని ఉంది."

"ఫారం అలాగే ఉంటుంది బాబూ. అందరికీ అదే."

"కింద కారణం రాయమన్నారు. ఏం రాయాలి సార్?"

వాక్యం వెండెల్ నాలుక చివరనే ఉంది. కారులో మూడుసార్లు చెప్పుకుని వచ్చిందే. కానీ ఆ కుర్రవాడు కలం పట్టుకుని, చెప్పింది రాసుకునే విద్యార్థిలా మొహం ఎత్తి చూసేసరికి అది బయటికి రాలేదు.

"నీ మాటల్లో నువ్వు రాసెయ్."

అని, సింక్ వైపు తిరిగి నిలబడ్డాడు. వెనుక కాగితం చప్పుడైంది, ఆగింది, మళ్లీ అయింది. చాలాసేపు పట్టింది. ఆ వెనుక కుర్చీ జరిగిన చప్పుడు, వెర్నెల్ కళ్లజోడు వెతుక్కున్న చప్పుడు. కొడుకు సంతకం కింద తల్లి సంతకం కూడా కావాలి. ఆమె కొడుకు చూపించిన చోట సంతకం చేసి, కాగితాన్ని కవరులో పెట్టి, అంటించి మరీ ఇచ్చింది.

"కాబ్లర్ కొంచెం కట్టిస్తాను. దారిలో తినండి."

ఆ పొట్లం ఇంటికి చేరేదాకా పక్క సీట్లో వెచ్చగానే ఉంది. అతడు దాన్ని విప్పలేదు.

*

శుక్రవారం ఉదయం మడాక్స్ కవరు చించి, కాగితం చూసి, ముందు నవ్వాడు. తరువాత ఆ నవ్వు సగంలో ఆగింది. కాగితాన్ని బల్ల మీదుగా వెండెల్ వైపు నెట్టాడు.

కారణం అన్న చోట, గీత దాటకుండా, అక్షరాలన్నీ ఒకే ఎత్తున, అచ్చు వేసినట్టుగా రాసి ఉంది: "కోచ్ స్ట్రౌడ్ మా ఇంటికి వచ్చి, అడగమని చెప్పారు కాబట్టి."

"తెలివితేటలా?" అన్నాడు మడాక్స్.

"కాదండీ. రాయమన్నారని రాశాడు."

"నువ్వేం చేస్తున్నావ్ అప్పుడు?"

"గిన్నెలు తుడుస్తున్నాను."

మడాక్స్ కళ్లు మూసి తెరిచాడు. "ఇది కిందకి, నిబంధనలు చూసే ఇన్‌గ్రిడ్ బల్ల మీదకి వెళ్తే ఏమవుతుందో తెలుసు కదా. నా పేరు ఎక్కడా లేదు ఇందులో. నీదే ఉంది. సరే, కంగారు పడకు. కొత్త ఫారం తీసి, కారణం నువ్వే టైపు చెయ్. ఇంటికి దగ్గర్లో ఉండాలని, అంతే. వాడి ఫోన్‌కి పంపు. వేలితో గీస్తాడు, తల్లితో గీయిస్తాడు. పది నిమిషాల పని. ఇది నాకివ్వు, చించేస్తాను."

"నేను చించుతాలెండి," అని వెండెల్ కాగితం తీసుకున్నాడు.

గదికి వచ్చి కొత్త ఫారం తెరిచాడు. కారణం టైపు చేశాడు. ఆ కుర్రవాడికి బడిలో భోజన విరామం ఎప్పుడో అతనికి తెలుసు. ఆ వేళ దాకా ఆగి ఫోన్ చేశాడు. అవతల పళ్లాల చప్పుడు, పిల్లల కేకలు.

"ఎమొరీ, ఆ ఫారం గురించి..."

"తప్పు రాశానా సార్?"

వెండెల్ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"కొట్టివేతలుంటే చెల్లదేమోనని ముందు పేపర్ న్యాప్‌కిన్ మీద రాసి చూసుకున్నాను సార్. రెండుసార్లు. కోచ్ మారినందుకు అని రాద్దామనుకున్నా. కానీ కొత్త కోచ్ ఎలాంటివారో నాకు తెలీదు కదా, మంచివారేమో. ఊరికే ఆయన మీద పెట్టడం ఎందుకని జరిగింది రాశాను. స్పెల్లింగ్ ఏమైనా పోయిందా? కావాలంటే మళ్లీ రాసిస్తాను."

తెర మీద ఇంటికి దగ్గర్లో ఉండాలని అన్న మాటలు మెరుస్తున్నాయి. పంపడానికి ఒక మీట నొక్కితే చాలు. కుర్రవాడు ప్రశ్న వేయడు, వేలితో గీసేస్తాడు. గీసేస్తాడన్న సంగతే వెండెల్ వేలిని అక్కడ ఆపింది.

"లేదు బాబూ," అన్నాడు. "సరిగ్గానే రాశావు. వెళ్లి తిను."

నిబంధనల అధికారి ఇన్‌గ్రిడ్ హోమ్ గది రెండంతస్తుల కింద, ఈతకొలను పక్కన ఉంటుంది. ఆ నడవాలో ఎప్పుడూ క్లోరిన్ వాసన. అతడు చించకుండా తెచ్చిన కాగితాన్ని ఆమె ఒకసారి చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివింది.

"ఇది నిజమేనా వెండెల్?"

"నిజమే."

"ఎవరు పంపారు నిన్ను?"

"నేనే వెళ్లాను."

"నేనడిగింది అది కాదు."

అతడు చెప్పాడు. మంగళవారం జరిగిందీ, గురువారం తాను ఆడిన మాటలూ, వరుస తప్పకుండా చెప్పాడు. ఆమె రాసుకుంది. ఈ ఫారం చెల్లదని, నవంబర్లో చేసిన సంతకం ఉన్నది ఉన్నట్టే ఉంటుందని, పద్నాలుగో పేరుకు చోటు ఎలా చూసుకుంటాడన్నది మడాక్స్ తలనొప్పి అని అంది. ఆ తరువాత కలం పక్కన పెట్టింది.

"నీ సంగతి మాత్రం..."

"తెలుసు."

"ముప్పై సెకన్లలో చించి చెత్తబుట్టలో వేసెయ్యగలిగేవాడివి. వెయ్యలేదు. అది కూడా రాశాను."

"అది తీసేయండి."

"ఎందుకు?"

అతడు గది బయటికి నడిచాడు. మెట్లెక్కుతూ గుండె తేలికపడుతుందని ఎదురుచూశాడు. తేలికపడలేదు. తాను కిందకు మోసుకెళ్లి ఇచ్చిన నిజం తనది కాదు. దాన్ని న్యాప్‌కిన్ మీద రెండుసార్లు దిద్దుకుని రాసింది పద్దెనిమిదేళ్ల కుర్రవాడు. చివరికి ఆ పని కూడా వాడి చేతనే చేయించాడు.

*

సాయంత్రం నాలుగున్నరకు, సామాను సర్దడం కోసం తెచ్చుకున్న అట్టపెట్టె పక్కనే నేల మీద కూర్చుని, అతడు వెర్నెల్‌కు ఫోన్ చేశాడు. ఏదీ దాచకుండా చెప్పాడు. అవతల ఆమె గుడ్డలు దులిపి మడుస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. ఎక్కడో ఒకచోట ఆ చప్పుడు ఆగింది.

"అంటే, వాడి సీటు వాడిదే."

"వాడిదేనండీ. నాలుగేళ్లూ."

"ఆ కొత్తాయన వాణ్ణి ఆడనివ్వడు."

"ఆడనివ్వకపోవచ్చు."

"మీరక్కడ ఉండరు."

"ఉండనండీ."

"నిన్న మీకు మూడుసార్లు వడ్డించాను కోచ్."

అతడు కళ్లు మూసుకున్నాడు.

"మూడుసార్లు. ఒక్కసారైనా చెంచా పక్కన పెట్టి, వెర్నెల్, సంగతి ఇదీ అని ఉంటే, నేను కేకలేసేదాన్ని. బహుశా ఆ మూకుడు మీ మీదికి విసిరేదాన్ని. తరువాత ముగ్గురం కూర్చుని ఏం చెయ్యాలో ఆలోచించేవాళ్లం. నేను సంతకం పెట్టాను. ఆ కాగితం ఏమంటోందో చూసి కాదు, మీరు అంటున్నానన్నారని పెట్టాను."

"వెర్నెల్ గారూ, నేను క్షమించమని..."

"అడక్కండి. ఇవాళ అడక్కండి. ఇవాళ నా దగ్గర అది లేదు."

గుడ్డలు మడవడం మళ్లీ మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాడు. పెట్టేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"ఆడించకపోతే మానె," అంది ఆమె, అతనితో కాక తనతోనే అంటున్నట్టు. "పుస్తకాలు చదవనిస్తారు కదా అక్కడ? క్లాసులో కూర్చోడానికి ఆ కొత్తాయన్ని అడగక్కర్లేదు కదా?"

"అక్కర్లేదండీ."

"అయితే వస్తాడు. వద్దన్నవాళ్ల మధ్యకే వస్తాడు, తల వంచుకోడానికి వాడేమీ చెయ్యలేదు. వచ్చి చదువుకుంటాడు." కాస్త ఆగింది. "ఏం చదవాలనుకుంటున్నాడో చెప్పండి, మా వాడు."

వెండెల్ నోరు తెరిచాడు. ఎమొరీ చేతులు చాపితే ఒక వేలి కొస నుంచి ఇంకొక వేలి కొసకు ఆరడుగుల పదకొండున్నర అంగుళాలని అతనికి తెలుసు. నిలుచున్నచోటి నుంచి ఎంత ఎత్తుకు ఎగరగలడో తెలుసు. ఎడమవైపు తిరిగేటప్పుడు బంతిని ఒక క్షణం కిందకు దించుతాడనీ, అలసిపోతే కుడి మోకాలు లోపలికి వంగుతుందనీ తెలుసు. వీటన్నిటినీ కాగితాల మీద రాసి, తేదీలు వేసి, ఫైలులో పెట్టాడు. ఆ ఫైలు ఇప్పుడు అట్టపెట్టెలో అన్నిటికంటే అడుగున ఉంది.

"తెలియదండీ," అన్నాడు.

"మూడేళ్లు తిరిగారు మా ఇంటికి."

"అవునండీ."

"ఒక్కసారీ అడగలేదా?"

"అడగలేదండీ."

తరువాత ఆమె ఫోన్‌ను చెవి దగ్గర నుంచి తీసినట్టు, ఆమె గొంతు దూరం నుంచి, ఇంట్లో మామూలుగా పిలిచే పిలుపులా వినిపించింది.

"ఎమొరీ! ఇలా రా. కోచ్ నిన్నేదో అడుగుతారట."

చెక్కనేల మీద పెద్ద పెద్ద అడుగులు దగ్గరయ్యాయి. ఫోన్ ఒక చేతిలో నుంచి ఇంకొక చేతిలోకి మారిన గరగర. వెండెల్ నేల మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"హలో? చెప్పండి సార్."